నివ్వరికి బదులు ఏ గింజ?

నేరేడుచర్ల నుంచి ఏ దిక్కుకు పోయినా ఇవాళ వరి మళ్లే కనిపిస్తాయి. ఒక పక్క మిర్యాలగూడ, ఇంకో పక్క హుజూర్‌నగర్, కోదాడ, మధ్యలో నాగార్జునసాగర్ ఎడమకాలువ నీళ్లు. ఈ పల్లెల్లో అన్నమంటే బియ్యపు అన్నమే. ఇది ఎప్పటినుంచో ఇలాగే ఉందని అనుకోవడం తేలిక కానీ నిజం కాదు. ఒక ధాన్యం చోటులోకి ఇంకొకటి వచ్చి కూర్చోవడం ఈ నేలలో చాలాసార్లు జరిగింది. అడవి వరి అయిన నివ్వరి చోటులోకి ఊదలు వచ్చాయి. జొన్న చోటులోకి బియ్యం వచ్చింది. పాత సన్నరకాల చోటులోకి సాంబ మసూరి వచ్చింది. ఈ మార్పులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా తేటపడుతుంది. కుండలోకి బదులు గింజ వెతుక్కోవడం వేరు, నేలమీద నుంచి అసలు గింజే పోవడం వేరు. మొదటిది వంట తెలిసినవాళ్ల నేర్పు, అందులో తప్పేమీ లేదు. రెండోది ఎంత నేర్పున్నా పూడ్చుకోలేని నష్టం. మనం ఈ రెంటినీ ఒకటే అనుకుంటున్నాం కాబట్టే రెండోది జరుగుతున్నా పట్టించుకోవడం లేదు.

నివ్వరి మనకు పుస్తకాల్లో ఎక్కువ, కళ్లెదుట తక్కువ కనిపించే గింజ. సంస్కృతంలో నీవారమంటారు. ఎవరూ దున్నకుండా, ఎవరూ విత్తకుండా, లోతులేని చెరువుల అంచుల్లో, బాట పక్క గుంటల్లో, వానాకాలం నీళ్లు నిలిచి ఎండాకాలానికి ఇంకిపోయే చోట తనంత తాను మొలిచే వరి ఇది. దుబ్బు చూస్తే మామూలు వరిలాగే ఉంటుంది, కంకి చేతిలోకి తీసుకుంటే తేడా తెలుస్తుంది. గింజ గింజకూ పొడుగాటి గరుకు మీసం ఉంటుంది. పండిన గింజ కంకిని అంటిపెట్టుకుని ఉండదు, గాలి తగిలితే చాలు నీళ్లలోకో బురదలోకో రాలిపోతుంది. అందుకని కొడవలితో కోసి కుప్ప వేసే వీలు లేదు. పూర్తిగా పండకముందే నాలుగు దుబ్బుల తలలు కలిపి ముడివేసి ఉంచి, తర్వాత దులుపుకోవాలి. లేదంటే కంకుల మీదుగా గంప ఊపుకుంటూ పోయి రాలిన గింజ పట్టుకోవాలి. దంచితే ఎర్రటి బియ్యం వస్తాయి, పడ్డ శ్రమకు చేతికందేది కొద్దిగానే. కాళిదాసు శాకుంతలంలో ఆశ్రమవాసుల తిండి ఈ గింజే. మునుల దగ్గర నీవారంలో ఆరో వంతు పన్నుగా అడగవచ్చు కదా అని అందులో విదూషకుడు సలహా ఇస్తే, వాళ్లు ఇచ్చేది తపస్సులో వంతు అని రాజు ఒప్పుకోడు. ఇది తపోవనాల తిండి అన్న భావం అంత పాతది.

ఈ గింజకు పూజాపునస్కారాల్లో కూడా గౌరవం దక్కింది, అది సాగు లేని గింజ కావడం వల్లే. వినాయక చవితి మర్నాడు వచ్చే ఋషిపంచమి వ్రతంలో, నాగలి తగిలిన నేలలో పండింది తినకూడదని నియమం. నివ్వరి ఆ నియమానికి సరిగ్గా సరిపోతుంది. అది దొరకడం తగ్గినకొద్దీ వేరే గింజ కావాల్సి వచ్చింది. గడ్డలు, పండ్లతో సరిపెట్టుకున్నవాళ్లున్నారు, ఊద బియ్యం వండుకున్నవాళ్లున్నారు. ఉత్తరాదిలో ఉపవాసాల నాడు బియ్యానికి మారుగా వండేది ఈ ఊద జాతి గింజనే. రుచి చూసి ఈ ఎంపిక చేశారనుకోవడానికి లేదు. ఊద బియ్యం చిన్నవి, తెల్లనివి, తొందరగా ఉడుకుతాయి, ఎసరు కాస్త ఎక్కువైతే ముద్దవుతాయి. నివ్వరి బియ్యం ఎర్రటి పైపొరతో గట్టిగా ఉంటాయి, నిదానంగా ఉడుకుతాయి. కుండలో ఈ రెంటికీ పోలిక తక్కువ. అయినా ఆ ఎంపిక తెలివైనదే. వ్రతంలో నివ్వరి చేసే పని కడుపు నింపడం కన్నా, సాగు ఎరగని తిండిగా నిలబడటం. ఊదకు దగ్గరి చుట్టమైన ఊదగడ్డి ఇవాళ్టికీ మన వరి మళ్లలో ఎవరూ విత్తకుండానే మొలుస్తోంది, కూలిపెట్టి పీకిస్తున్నాం. ఇప్పుడు ఊదలు కూడా సాగుచేసిన పంటే కదా అని ఆచారం తెలిసినవాళ్లు అడగవచ్చు. ఆ మాట నిజమే. అయినా ఎంపిక వెనక ఉన్న ప్రశ్న మాత్రం సరైనది: అసలు గింజ ఆ చోట ఏ పని చేస్తోంది, ఆ పని ఇంకేది చేయగలదు?

ఈ ప్రశ్న ఎక్కడైనా పనికొస్తుంది. అమెరికాలో అడవి వరి అని అమ్మేది జిజానియా అనే వేరే గడ్డి గింజ, మన వరికి దూరపు చుట్టం. గ్రేట్ లేక్స్ ప్రాంతపు ఒజిబ్వే ప్రజలు దాన్ని మనోమిన్ అంటారు, పడవల మీద పోయి కర్రలతో కంకులు తట్టి గింజ రాల్చుకుంటారు, నీళ్లలో రాలిన గింజ మళ్లీ ఏటికి మొలకెత్తుతుంది. నల్లగా, పొడుగ్గా ఉండే ఆ గింజ ఉడికేసరికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది, పగిలి విచ్చుకుంటుంది. అది దొరకని చోట అక్కడి మన తెలుగువాళ్లు ఏం వాడాలన్నది ఏ వంటకమన్నదాన్ని బట్టి ఉంటుంది. నమలడానికి గట్టిగా ఉండాలంటే ముడిబియ్యం, రంగు కావాలంటే నల్లబియ్యం, సూపు చిక్కబడాలంటే ఇంకొకటి. పళ్లెంలో ఇది సరిపోతుంది. కానీ ఒజిబ్వేలకు ఆ గింజ వాళ్ల సరస్సు, వాళ్ల పండగ, వాళ్ల హక్కు. సరస్సు పాడైతే సూపర్‌మార్కెట్‌లో దొరికే ఏ గింజా ఆ లోటు తీర్చదు. పళ్లెంలో బదులు ఉండి నేలమీద బదులు లేకపోవడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఇదే తేడాను మన ప్రాంతపు చరిత్రలో వెతికితే అది జొన్న దగ్గర దొరుకుతుంది.

సాగర్ రాకముందు ఈ ప్రాంతపు అసలు తిండి జొన్న. కాకతీయుల నాటి నుంచి ఇక్కడ చెరువులున్నాయి, వాటి కింద వరీ ఉంది. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్డి ప్రభువులు కట్టించిన గుళ్లు, ఆ ఊరి చెరువు ఆ కాలపు వ్యవసాయానికి సాక్ష్యాలు. నిజాం సర్కారు రికార్డుల్లో చెరువు కింద భూమి తరి, మిగతాదంతా ఖుష్కి. తరిలో ఆబి (వానాకాలం), తాబి (ఎండాకాలం) పంటలుగా వరి పండేది. కానీ చెరువు నీరు పారేది ఊరి భూమిలో కొంత మేరకే. మిగతా చెలకల్లో, రేగళ్లలో జొన్న, సజ్జ, కొర్ర, ఆముదం, కంది. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న పల్నాడు సంగతీ ఇదే. శ్రీనాథుడివని చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూటి మీద విసుగు ఎంత పేరుపొందిందో తెలిసిందే. సన్నన్నం అలవాటైన కవికి అది శిక్షలా తోచింది. ఆ విసుగును మనం ఒక సాక్ష్యంగా చదువుకోవచ్చు: నది పక్కనే పారుతున్నా, ఆ నీరు చేనుకెక్కని కాలంలో రెండు ఒడ్లూ జొన్న మీదే బతికాయి.

జొన్న గటక వండటంలో ఎంత పనితనం ఉందో ఇవాళ చాలామందికి తెలియదు. జొన్నలకు తడి చూపించి రోట్లో పోసి రోకలితో దంచితే పైపొట్టు ఊడుతుంది. చేటతో చెరిగి పొట్టు తీసి, మళ్లీ దంచో విసిరో రవ్వ చేయాలి. మరిగే ఎసట్లో రవ్వ పోస్తూ ఉండ కట్టకుండా తెడ్డుతో కలుపుతూ ఉండాలి, దగ్గరపడ్డాక మంట తగ్గించి మగ్గనివ్వాలి. వేడి గటకలోకి పప్పో పచ్చిపులుసో, మిగిలినదాంట్లో మర్నాడు మజ్జిగ పోసుకుని ఉల్లిగడ్డ నంజుకోవడం. రోట్లో దంచే కష్టం ఆడవాళ్లది, తెల్లవారకముందు మొదలయ్యేది. ఇలాంటి ఇళ్లలో బియ్యం పండక్కి, చుట్టం వచ్చినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు. అంటే అప్పట్లో జొన్నకు అప్పుడప్పుడు వచ్చే బదులు బియ్యం. చెరువు కింద వరి పండించినవాడికి కూడా ఆ బియ్యం దక్కేది కాదు. శిస్తు, వడ్డీ, దొర వాటా పోగా, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లెవీ గల్లా పేరుతో సర్కారు వసూలు చేసేది. నల్లగొండ జిల్లా రైతాంగం తెలంగాణ సాయుధ పోరాటంలోకి రావడానికి ఆ లెవీ ఒక ముఖ్య కారణం.

ఈ లెక్కను తలకిందులు చేసింది సాగర్. 1955 డిసెంబర్ 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టిన ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మం జిల్లాల మీదుగా కృష్ణా జిల్లా దాకా 10 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టును లక్ష్యంగా పెట్టుకుంది. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ప్రాజెక్టు ప్రణాళికలో ఈ భూమి అంతా వరికని రాయలేదు. చాలా భూమిని ఆరుతడి పంటలకు కేటాయించారు. జొన్న, వేరుశనగ, మిరప, పప్పుధాన్యాలు కాలువ తడి మీద పండుతాయని లెక్క. కానీ నీరు వచ్చాక ఆరుతడి భూమి కూడా మాగాణి అయింది. పై మడిలో వరి వేస్తే ఊట కింది మడిలోకి దిగుతుంది, అక్కడ జొన్న బతకదు. వరి సాగు తెలిసిన కోస్తా రైతులు వచ్చి స్థిరపడ్డారు. 1966లో వచ్చిన ఐఆర్ 8, దాని తర్వాతి పొట్టి రకాలు ఎరువు వేసినకొద్దీ దిగుబడి ఇచ్చాయి. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ, మద్దతు ధర వరిని కొనే పూచీ ఇచ్చాయి. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు వెలిశాయి. జొన్నకు ఈ స్థాయి అండ దక్కలేదు. జొన్న రుచిలో ఓడిపోయి పోలేదు. కాలువ, ఎరువు, మిల్లు, మద్దతు ధర అన్నీ వరి వైపు నిలబడితే జొన్న ఒంటరిదైంది.

మిగిలిన పని రేషను దుకాణం చేసింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం 2 రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టాక, జొన్న పండించుకుని దంచుకుని వండుకోవడం కన్నా బియ్యం తెచ్చి వండటం చవకా అయింది, సులువూ అయింది. కాలువ నీరందని చెలకల్లో జొన్నను పత్తి వెళ్లగొట్టింది. అంటే తడి భూమిలో వరి, మెట్ట భూమిలో పత్తి, పళ్లెంలో రేషను బియ్యం. మూడు వైపులా దారి మూసుకుపోయింది. ఈ ప్రయాణపు తాజా మజిలీ కూడా ఈ ప్రాంతంలోనే జరిగింది. 2025 మార్చి 30న, ఉగాది రోజు, రేషను కార్డు మీద సన్నబియ్యం ఇచ్చే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం నేరేడుచర్ల పక్కనున్న హుజూర్‌నగర్‌లో ప్రారంభించింది. ఒకప్పుడు పండగ తిండి అయిన సన్నన్నం ఇప్పుడు మనిషికి నెలకు 6 కిలోల చొప్పున రేషను కార్డు ఉన్నవాళ్ల హక్కు. చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. జొన్నకూడు గొప్పదని ఇప్పుడు రాయడం కడుపు నిండినవాళ్ల ముచ్చట, అది పేదరికపు తిండి, దాన్నుంచి బయటపడటమే విముక్తి అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. దొర ఇంట్లో సన్నన్నం, కూలి ఇంట్లో గటక అన్న కాలంలో పెరిగినవాళ్లకు బియ్యం ఆత్మగౌరవానికి సంబంధించిన సంగతి. రోకటిపోటు తప్పినందుకు ఆడవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. పేదవాళ్లు మళ్లీ జొన్నలకు మళ్లాలని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ ఆక్షేపణ సమాధానం చెప్పేది కుండ గురించే. ఇంటికి బియ్యం రావడానికీ, చేనులో జొన్న విత్తనం లేకుండా పోవడానికీ విడదీయరాని బంధమేమీ లేదు. కాలువ చివరి భూములకు నీరందని ఏళ్లలో ఈ సంగతి బయటపడుతుంది. 2023లో కృష్ణకు వరద రాక ఎడమకాలువ కింద సాగు దెబ్బతిన్నప్పుడు, తక్కువ తడితో పండే గింజల విత్తనం, సాగు తెలిసిన చేతులు, కొనేవాళ్లు సిద్ధంగా ఉన్న ఊళ్లు ఎన్ని? ఎంపిక చేసుకునే స్వేచ్ఛ పోగొట్టుకోవడం విముక్తి కిందికి రాదు.

వరి వెనక ఉన్న అడవి వరి కథ చూస్తే ఈ వాదం ఇంకా గట్టిపడుతుంది. ఈ ప్రాంతానికి ఇష్టమైన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్ల నుంచి 1986లో విడుదలైంది. దాని అన్నం అందరికీ నచ్చింది, దానితో అక్కుళ్లు, మొలగొలుకులు వంటి పాత సన్నరకాలు వెనకబడిపోయాయి. కానీ ఆ రకానికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద బెడద. హైదరాబాద్‌లోని సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంచాలకాలయం కలిసి 2008లో ఆ తెగులును తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని తెచ్చాయి. అందులో చేర్చిన తట్టుకునే జన్యువుల్లో ఎక్స్‌ఏ 21 అనేది ఆఫ్రికాకు చెందిన ఒక అడవి వరి నుంచి వచ్చింది. నివ్వరి చేసిన మేలు అంతకన్నా పెద్దది. 1970లలో ఆసియా వరిని గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు చుట్టుముట్టినప్పుడు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 6,000కు పైగా నమూనాలు పరీక్షించింది. తట్టుకునే శక్తి ఒకే ఒక్క నమూనాలో దొరికింది. అది ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన నివ్వరి. ఆ గుణాన్ని చేర్చి తెచ్చిన ఐఆర్ 36 ఆసియా అంతటా లక్షలాది ఎకరాల్లో పండింది. ఆ జాతికి ఒరైజా నివారా అని 1965లో శాస్త్రీయ నామం పెట్టిన ఇద్దరిలో ఒకరు ఎస్.వి.ఎస్. శాస్త్రి. అదే ఏడాది హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా మొదలైన అఖిల భారత వరి పరిశోధన పథకాన్ని నడిపించిందీ ఆయనే. వేల నమూనాల్లో ఒక్కటే పనికొచ్చిందన్న ఆ సంఖ్యలో ఈ వాదమంతా ఉంది. వ్రతంలో నివ్వరికి బదులు ఊద సరిపోయింది. ఆ తెగులు ముందు నివ్వరికి బదులు ఇంకే గింజా దొరకలేదు.

అయితే విత్తన భాండాగారాలు ఉన్నాయి కదా, ఫిలిప్పీన్స్‌లోనూ ఢిల్లీలోనూ చల్లటి గదుల్లో అన్నిటినీ దాచారు కదా, చెరువు అంచున దుబ్బులు మిగలకపోతే ఏమని అడగవచ్చు. ఆ భాండాగారాలు లేకపోతే పైన చెప్పిన కథే లేదు, వాటి విలువ తక్కువ చేయనక్కర్లేదు. కానీ డబ్బాలో దాచిన గింజ దాచిన రోజు దగ్గరే ఆగిపోతుంది. చెరువు అంచున ఉన్న మొక్క ఏటేటా కొత్త పురుగును, కొత్త తెగులును, కరువును, వరదను ఎదుర్కొంటూ మారుతూ ఉంటుంది. రేపటి తెగులుకు జవాబు నిన్న దాచిన డబ్బాలో ఉంటుందన్న హామీ లేదు. పైగా మెట్ట చెరువు అంచు ఒక ప్రత్యేకమైన చోటు, సగం ఏడాది తడి, సగం ఏడాది పొడి. శిఖం భూమి, అంటే చెరువు నీరు నిలిచే నేల, ఆక్రమణ పాలైతే, పూడిక తీసేటప్పుడు అంచులు నిటారుగా చెక్కేస్తే, కాలువ నీటితో గుంటలు ఏడాది పొడుగునా నిండి ఉంటే, ఆ చోటే మారిపోతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువులకు మళ్లీ నీటి నిలువ తెచ్చింది. అలాంటి పనుల్లో ఒక పక్కనైనా ఏటవాలు అంచును వదిలిపెట్టాలన్న ఆలోచన చేరితే ఖర్చు పెద్దగా పెరగదు.

రైతు వైపు నుంచి వచ్చే ఆక్షేపణ వీటన్నిటికన్నా న్యాయమైనది. అడవి వరి మడిలోకి వస్తే కలుపే. అది మామూలు వరితో కలిసి, ముందే రాలిపోయే గింజలతో మడిని పాడుచేస్తుంది. నాట్లు మాని విత్తనం వెదజల్లే పద్ధతి పెరిగినచోట ఈ బెడద ఇంకా ఎక్కువ, మిల్లులో ఎర్రగింజ కనబడితే ధర తగ్గిస్తారు. కాబట్టి మడిలో దాన్ని పీకేయడం సరైన పని. కాపాడాల్సిన చోటు మడి కాదు. ఊరి ఉమ్మడి భూమి, చెరువు శిఖం, సాగుకు దూరంగా ఉండే గుంటలు. ఊదగడ్డిని మడిలో పీకి, ఊదలను మెట్టలో పండించినవాళ్లకు ఈ విచక్షణ కొత్తది కాదు. మొక్క శత్రువా మిత్రుడా అన్నది అది నిలబడ్డ చోటును బట్టి తేలుతుంది.

ఈ చరిత్ర చెప్పే పని రెండు చోట్ల ఉంది. మొదటిది రేషను దుకాణం. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలనూ పేర్కొంది. బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2 రూపాయలు, ముతక ధాన్యాలు 1 రూపాయి అని ధర కూడా రాసింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. చట్టంలో ఉన్న ఆ ముతక ధాన్యం కోరుకున్నవాళ్లకు హుజూర్‌నగర్ సన్నబియ్యం పక్కనే దొరికితే, దాన్ని మద్దతు ధరకు కొనే కేంద్రం నేరేడుచర్లలో వరి కొనే చోటనే ఉంటే, కాలువ చివరి రైతుకు నిజమైన ఎంపిక వస్తుంది. బియ్యం తీసేసి జొన్న ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. రెండోది చెరువు. ఏ చెరువు అంచున నివ్వరి ఇంకా మొలుస్తోందో చూసి నమోదు చేయడం, ఆ కాస్త శిఖాన్ని ఆక్రమణ నుంచి కాపాడటం గ్రామపంచాయతీ, వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి చేయగల పని. నీటి మీద, మిల్లు మీద, మద్దతు ధర మీద బతికే వరి ప్రాంతానికే ఈ పని ఎక్కువ అవసరం, ఎందుకంటే ఒకే పంట మీద ఆధారపడ్డవాళ్లకే ఆ పంటకు వచ్చే కొత్త తెగులు ఎక్కువ ప్రమాదం. ఇంట్లో బియ్యం నిండుకుంటే పక్కింటి నుంచి తెచ్చుకోవచ్చు, ఇంకో గింజ వండుకోవచ్చు. విత్తనానికి మూలమైన మొక్క నేలమీద నుంచి పోతే తెచ్చుకోవడానికి ఇంకో ఇల్లు లేదు. అందుకే నివ్వరికి బదులు వెతకడం ఎంత నేర్చుకున్నామో, నివ్వరిని నిలబెట్టుకోవడం అంతకన్నా ముందుగా నేర్చుకోవాలి.